వెచ్చని చొక్కా

ఆ ఊరి దయ్యాలకు సిగ్గు తక్కువ, ప్రేమలు ఎక్కువ. అందుకే చచ్చిపోయిన బడిపంతులు రాత్రిపూట కిటికీ దగ్గరికొచ్చి చొక్కా అందిస్తే, ఇస్త్రీ చేసే ఆవిడ భయపడలేదు. మూతి విరిచింది.

"బతికుండగా నా మొహం చూళ్లేదు. చచ్చాక పుట్టుకొచ్చిందా ప్రేమ?"

"అయినా రోజూ నువ్వే ఇస్త్రీ చేసిస్తున్నావుగా," అన్నాడతను.

దయ్యాల బట్టలెప్పుడూ మంచుముక్కల్లా ఉంటాయి. ఇవాళ ఈ చొక్కా మాత్రం అప్పుడే ఒంటిమీంచి విప్పినట్టు వెచ్చగా ఉంది.

"ఎవరి వేడి దొంగిలించావురా, సిగ్గులేనోడా?"

అతను ఆమె చేతులకేసి ముద్దుగా చూశాడు.

ఇస్త్రీపెట్టెలో బొగ్గులు కణకణలాడుతున్నాయి. ఆమె అలవాటుగా తడివేలు దాని అడుక్కి తాకించింది. చుయ్‌మనలేదు. అరచెయ్యంతా ఆనించింది. చెయ్యి కాలలేదు, ఇనుమే చల్లబడింది.

బొగ్గులు ఒక్కొక్కటే నల్లబడ్డాయి.