మొరగని కాపలా

కలప అడితిలో టేకు తలుపులు పోయాయి.

అదీ పట్టపగలు. భోజనం చేసి యజమాని గదిలో కునుకు తీస్తుండగా, వెనక గేటు తాళం పగలగొట్టి మరీ పట్టుకుపోయారు.

తలుపులు పోయినందుకు కాదు ఆయన బాధ. ఆ సమయంలో అడితిలో దూడంత కుక్క ఉంది.

కొండల్లో గొర్రెల మందలకు కాపలా కాసే జాతి అది. తెచ్చి పట్టుమని పది రోజులు కాలేదు. లేచి నిలబడితే ముందు కాళ్లు మనిషి భుజాల మీదకు వస్తాయి. దాన్ని చూసి కలప కొనడానికి వచ్చినవాళ్లు గేటు దగ్గరే ఆగిపోయేవాళ్లు. అలాంటిది, దొంగలొస్తే కిక్కురుమనలేదు.

"ఒక్క అరుపు అరిస్తే నీ సొమ్మేం పోయేది?" అని యజమాని దాన్ని నిలదీశాడు.

కూలీలు బండోడని పేరు పెట్టిన ఆ కుక్క తల పక్కకు వంచి ఆయన మొహంలోకి చూసింది.

"తిట్టకండి. వాడు బెంగపెట్టుకుంటాడు," భార్య అడ్డొచ్చింది.

ఆవిడకు బండోడంటే ప్రాణం. ఎండ ముదరకముందే నీడలోకి తీసుకెళ్లేది. పశువుల డాక్టరు చెప్పినట్టు తిండి రెండు పూటలకు పంచి పెట్టేది, తిన్న వెంటనే గంతులు వేయనిచ్చేది కాదు. సాయంత్రాలు పక్కన కూర్చుని, మెడ దగ్గర చిక్కుపడ్డ బొచ్చు ఓపిగ్గా దువ్వేది.

"మేపడానికి తెచ్చామా, కాపలాకు తెచ్చామా? పొద్దస్తమానం నా చొక్కా చేతులు పట్టుకుని పీకడం ఒక్కటే వచ్చు దీనికి. వెనక్కిచ్చేస్తాను."

"మొరగడం లేదని మీరే వదిలించుకుంటే, ఇంకెవరు తీసుకుంటారండీ వాణ్ని?"

యజమాని వినిపించుకోలేదు. దొంగతనం సంగతి పోలీసులకు చెప్పడానికి వెళ్లిపోయాడు.

తిరిగొచ్చేసరికి గేటు దగ్గర ఎవరో బక్కపలచటి మనిషి. వీధి వైపు వీపు పెట్టి, ఊచల్లోంచి చెయ్యి దూర్చి బండోడి పొట్ట నిమురుతున్నాడు. ఆ కొండంత కుక్క వెల్లకిలా పడి కాళ్లాడిస్తోంది.

యజమానికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఇంకేముంది, దొంగ దొరికాడు. ముందు కుక్కను మచ్చిక చేసుకుని, తర్వాత తలుపులు ఎత్తుకుపోయాడన్నమాట.

"ఎవరయ్యా నువ్వు?"

ఆ మనిషి వెనక్కి తిరగలేదు.

"నిన్నేనయ్యా, అడిగేది."

ఉలుకూ లేదు, పలుకూ లేదు. యజమాని భుజం పట్టి గుంజాడు.

లోపల బండోడు ఒక్క ఉదుటున లేచి గేటు మీదకు ఎగిరాడు. ఆ మనిషి అరచెయ్యి కిందికి దించాడంతే, కుక్క ఉన్నచోటే కూర్చుండిపోయింది. అప్పుడు ఆయన యజమానికేసి తిరిగి, నవ్వుతూ రెండు చేతులూ జోడించాడు. తర్వాత యజమాని చొక్కా చెయ్యి పట్టుకుని లాగి, కుక్కను చూపించాడు.

"చెయ్యి తియ్. తలుపులెక్కడ దాచావు?"

ఆ మనిషి మళ్లీ చొక్కా లాగబోయాడు.

"అడుగుతుంటే బెల్లం కొట్టిన రాయిలా నిలబడతావేం? చేసిన పనికి నోరు పెగలడం లేదా?"

కేకలకు కూలీలు పోగయ్యారు. భార్య పరుగున వచ్చింది.

"దొంగయితే మళ్లీ ఎందుకొస్తాడండీ? ఏదో చెప్పాలని చూస్తున్నాడు, పాపం."

"నీకందరూ పాపమే. చూశావుగా, మన కుక్క వీడి మాటే వింటోంది."

ఆ మనిషి అందరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. నవ్వు పోయింది.

"మళ్లీ ఈ చాయలకొస్తే పోలీసులకు పట్టిస్తా. నడువు," అని యజమాని వీధి చివర చూపించాడు.

అది మాత్రం ఆ మనిషికి అర్థమైంది. ఇంకోసారి దండం పెట్టి, మలుపు తిరిగేదాకా వెనక్కి చూసుకుంటూ వెళ్లిపోయాడు. ఆ రోజు భార్య ఎంత బతిమాలినా బండోడు తిండి ముట్టలేదు.

మర్నాడు దొంగలు తలుపులతో సహా దొరికారు. ఆ బక్కపలచటి మనిషి వాళ్లలో లేడు.

యజమాని గతుక్కుమన్నాడు. అయినా కుక్క మీద కోపం పోలేదు. అమ్మినతనికి ఫోన్ చేశాడు.

"మీ కుక్క మాకొద్దు. దొంగలొస్తే మొరగదు, రోజంతా నా చొక్కా పీకుతుంది."

"అయ్యో, దాన్ని పెంచినాయన మీ దగ్గరికి రాలేదా సార్? దాని పద్ధతులన్నీ మీకు చూపించి, ఒకసారి కళ్లారా చూసుకుని వస్తానని నిన్న బయల్దేరాడే."

యజమాని ఫోన్ చెవికి గట్టిగా ఆనించుకున్నాడు.

"సన్నగా ఉంటాడా?"

"ఆయనే. మా వీధాయనే. అక్కగారింట్లో ఉండాల్సి వచ్చింది. అక్కడ అగ్గిపెట్టెల్లాంటి గదులు, దీన్నెక్కడ పెట్టుకుంటాడు? నాకు అప్పగించేటప్పుడు చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఇందాకే అక్కగారి ఊరికి రైలెక్కించి వచ్చాను."

యజమాని గేటు వైపు చూశాడు. దండం పెట్టిన మనిషిని పదిమందిలో దొంగన్నాడు. పక్కనే నిలబడ్డ భార్య మొహం చూడడానికి సిగ్గేసింది.

"దొంగలొచ్చినప్పుడూ మీ చొక్కా లాగే ఉంటుంది సార్. పరాయి అలికిడైతే వచ్చి చెయ్యి పట్టుకుని లేపుతుంది. అదే దాని కాపలా."

నిజమే. ఆ మధ్యాహ్నం నిద్రలో ఏదో తడి మూతి చేతికి తగిలింది. విసుక్కుని, దాన్ని నెట్టేసి, అటు తిరిగి పడుకున్నది తనే.

"మరి అన్ని కుక్కల్లా మొరగొచ్చు కదయ్యా," అన్నాడు నీరసంగా.

"ఎవరి కోసం మొరుగుతుంది సార్? పెంచినాయనకి పుట్టుచెవుడు, మాట కూడా రాదు కదా."