టేపు రెండో కొస

నాచారం అవతల బొందలగడ్డను ఆనుకొని ప్లాట్లు పడుతున్నాయి. హద్దురాయిని నాలుగు గజాలు సమాధుల వైపు జరపమని పైనుంచి మాట వచ్చింది. పగలైతే బస్తీవాళ్లు అడ్డుపడతారని సర్వేయర్ కనకరాజు చీకటి పడ్డాకే వచ్చాడు.

టేపు రెండో కొస పట్టుకొని లోపలికి నడవబోతూ చైన్‌మ్యాన్ భిక్షపతి ఆగాడు.

"మా నాయన గీడనే పండుకున్నడు సార్. రాయి జరిపితే ప్లాట్ల గోడ ఆయన మీదికెళ్లే పోతది."

"సచ్చినోళ్లు అర్జీ పెట్టరు గని, నువ్వు నడువు."

కాసేపటికి టేపు బిగిసింది. అటు నుంచి రెండు గుంజులు వచ్చాయి. గట్టిగా పట్టుకున్నానని చైన్‌మ్యాన్ చెప్పే పద్ధతి అది. కనకరాజు ఫోన్ వెలుగులో అంకె చూశాడు. పాత హద్దు దగ్గరే ఆగింది.

"ఇంక జర లోపలికి జరుగు!" అని అరిచాడు.

టేపు కదల్లేదు.

"ఎవర్ని పిలుస్తున్రు సార్?" భిక్షపతి గొంతు వెనక నుంచి వచ్చింది. "నాతోని గాదని కొస ఆడనే పడేసి వచ్చిన."

అవతలి నుంచి మళ్లీ రెండు గుంజులు.

భిక్షపతి చీకట్లోకే చూస్తూ మెల్లగా అన్నాడు. "మా నాయన గూడ చైన్‌మ్యానే సార్, మన ఆఫీసులనే. ఎవ్వరు జెప్పినా కొస ఇడిసెటోడు గాదు."