మానేరులో పోశం వంతు

"గీ పోశం నీళ్లల్ల మునుగుడు నేనొప్పుకోను!"

మానేరు ఒడ్డున రాజలక్ష్మి గొంతు ఖంగుమంది. సంఘమంతా పాడుతున్న పాట ఆగిపోయింది. బాప్తిస్మం కోసం నడుంలోతు నీళ్లలో నిలబడ్డ పోశం, పక్కనే ఉన్న పాస్టరు సుధాకర్, ఇద్దరూ ఒడ్డువైపు చూశారు.

ఆ సంఘంలో రాజలక్ష్మి మాటకు ఎదురులేదు. ఇరవై రెండేళ్లుగా ఒక్క ఆదివారం మానలేదు. మందిరం ఊడ్చేది ఆమే, క్రిస్మస్‌కు దగ్గరుండి వంట చేయించేది ఆమే. సుధాకరేమో కోరుట్ల నుంచి వచ్చి నెల కూడా కాలేదు.

"ఏమైందమ్మా?" అన్నాడు మెల్లగా.

"ఏమైందా? పోయిన నెల దాకా కల్లు మండువల తాగి పన్నోడు గీయన. ఈయనతోని సాంచాల మీద బట్ట నేసెటోళ్లందరికి ఎరుకే. ఆరు నెలలు చూద్దాం. మంచిగుంటే అప్పుడియ్యుండ్రి."

పోశం భార్య సంగీత కళ్లలో నీళ్లు తిరిగాయి. "వదినే, ఎల్లుండే ఆయన మస్కట్ పోతుండు. మళ్ల రెండేండ్లకు గాని రాడు. ఆడ ఒక్కడే ఉంటడు. దేవుని మనిషిగ పోనియ్యి."

"మంచిగుండి రానియ్యి. తొందరేముంది?"

పోశం తల గోక్కున్నాడు. "అక్కా, నువ్వన్నది నిజమే. నేను నేసిన బట్ట నిండ తెగిన పోగులే. సేటైతే చూడంగనే వాపస్ కొడుతడు. గందుకే యేసయ్య నేసింది కప్పుకుందామని వచ్చిన."

ఒడ్డున ఎవరో నవ్వారు. రాజలక్ష్మి నవ్వలేదు.

"గిదేంది పాస్టరయ్యా? మంచిగ కాకముందే తీసుకోవచ్చా?"

"మంచిగైనంకనే రమ్మంటే మనల ఎవరొస్తరమ్మా? నమ్మినోన్నే దేవుడు నీతిమంతుడంటడు. ఆ నీతి మనం సంపాయించేది కాదు, క్రీస్తు ఇచ్చేది. మంచిగుండుడు ఆయన చెయ్యి పట్టుకున్నంక మొదలైతది."

"కల్లు తాగినోనికి సుత?"

"తాగినోనికి సుత."

"కోపిష్టోళ్లకు? వాడకట్టు మీద నోరు పారేసుకునెటోళ్లకు?"

పోశం కంగారుపడ్డాడు. "అక్కా, నేనెవ్వల్ని తిట్టలే!"

"అందరికమ్మా," అన్నాడు పాస్టరు. "నమ్మితే చాలు."

రాజలక్ష్మి ఒడ్డునే చెప్పులు విడిచింది. కొంగు నడుముకు బిగించి, చరచరా మానేరులోకి దిగింది. మొగుణ్ణి ఒడ్డుకు గుంజుకొస్తుందని భయపడి సంగీత "వదినే!" అని కేకపెట్టింది. పోశం గబుక్కున పాస్టరు వెనక దాక్కున్నాడు.

రాజలక్ష్మి నేరుగా పాస్టరు ఎదుట నిలబడి చేతులు కట్టుకుంది.

"మంచిగైనంకనే తీసుకుందామని ఇరవై రెండేండ్ల సంది నేను బాప్తిస్మమే తీసుకోలే అయ్యా, గీ పోశం కన్న ముందుగాల నాకియ్యుండ్రి!"