రెండు సబ్బాతుల నడుమ

"సార్, మీకు దండం పెడతాను. సూర్యుడు మునిగేదాకా నా పేరు పిలవకండి!"

తెర వెనక మసీనా ప్రొఫెసర్ తవిత చొక్కా చేయి పట్టుకుని ఆపేసింది. అపియా రేవు పక్కనున్న ఆ హాలు జనంతో కిక్కిరిసిపోయింది. మతం, రాజకీయాల మీద ఆ ఏటి ఉత్తమ పరిశోధనకు ఇచ్చే పురస్కారం మసీనాకే వచ్చింది. ఇక పేరు పిలిచి చేతికివ్వడమే మిగిలింది.

"మంత్రిగారు రెండు ముక్కల్లో ముగించేశారు. నేనింకా ఎంతసేపు ఆపను? అవతల వంటలు చల్లారిపోతున్నాయి."

"మీరు మాట్లాడండి సార్. క్లాసులో గంట కొట్టినా ఆపరు కదా!"

ప్రొఫెసర్‌కి నవ్వొచ్చింది. "అంత అవసరం ఏమొచ్చింది నీకు?"

"మా అమ్మ, పెద్దమ్మ."

ఆమె పరిశోధన అక్షరం వదలకుండా చదివినవాడతను. దేశం తేదీలు మారే అంతర్జాతీయ రేఖకు ఇవతలికి రావాలని ప్రభుత్వం ఒక శుక్రవారాన్ని క్యాలెండర్‌లోంచి ఎత్తేసిన కథ అది. శుక్రవారం పోయాక, పనులు మాని దేవుణ్ణి కొలిచే సబ్బాతు ఏ రోజన్న తగాదాతో మసీనా వాళ్ళ చర్చి రెండుగా చీలింది. పేరు చూసి శనివారమే అన్నారు కొందరు. పాత శనివారం నుంచి ఏడు రోజులు లెక్కపెట్టి ఆదివారం అన్నారు మిగిలినవాళ్ళు. పెద్దమ్మ రూటా శనివారం వైపు, అమ్మ ఎసెటా ఆదివారం వైపు వెళ్ళారు. ఒకే బల్ల మీద కూర్చుని పాటలు పాడిన అక్కాచెల్లెళ్ళు మళ్ళీ ఒక్కచోట కూర్చోలేదు.

"ఇవాళ శనివారం సార్. మా లెక్కలో రోజు పొద్దు మునగడంతోనే మారుతుంది. పొద్దు పోగానే పెద్దమ్మ సబ్బాతు అయిపోతుంది, అమ్మది మొదలవుతుంది. సబ్బాతు పూట ఇద్దరూ ఇలాంటి సభల్లో ఉండరు. అమ్మ వెళ్ళబోతుంటే పెద్దమ్మ వస్తుంది చూడండి, ఆ రెప్పపాటులో నన్ను పిలవండి. ఇద్దరూ కలిసి నా మెడలో దండ వెయ్యాలి. అది జరగకపోతే ఈ పురస్కారం నాకెందుకు?"

"నువ్వు పరిశోధన చేశావా, గ్రహణం లెక్క కట్టావా?" అంటూనే అతను మైకు దగ్గరికి వెళ్ళాడు.

మసీనా తెర పక్కకు జరిపి చూసింది. ముందు వరుసలో అమ్మ ఉండాల్సిన చోట పెద్దమ్మ కూర్చుని ఉంది! తెల్లటి బట్టలు, ఒళ్ళో పూలదండ, చేతిలో విసనకర్ర. కిటికీలోంచి చూస్తే సూర్యుడింకా సముద్రం మీద నిండుగా ఉన్నాడు.

ఒక్క పరుగున కిందికి దిగింది.

"పెద్దమ్మా! ఇంకా పొద్దుంది!"

"కనిపిస్తోందే. నాకు కళ్ళు పోలేదు."

"మరి నీ సబ్బాతు?"

"పురస్కారం తీసుకునేదానివి, నా లెక్కలు నీకెందుకు? మీ అమ్మేదీ?"

పక్క కుర్చీలో రూటా తన సంచీ పెట్టి ఉంచింది. మంత్రిగారి కార్యదర్శి అందులో కూర్చోబోతే విసనకర్రతో అదిలించింది. "లే బాబూ! అది మా చెల్లెలిది."

మసీనా ఒళ్ళు పులకరించింది. పెద్దమ్మ అంతటి మనిషి పట్టు వదిలి వచ్చింది! కానీ అమ్మ ఏది? మధ్యాహ్నమే రావాల్సిన మనిషి. ఫోన్ చేస్తే మోగుతోంది, ఎత్తడం లేదు. గుమ్మం దాకా వచ్చి, లోపల అక్కను చూసి వెనక్కి వెళ్ళిపోలేదు కదా?

వేదిక మీద ప్రొఫెసర్ మొదటి మిషనరీలు ఎక్కిన ఓడ దగ్గర్నుంచి మొదలుపెట్టాడు. ఓడ ఎంతకీ ఒడ్డుకు రాలేదు.

"ఆ ఓడను తొందరగా రేవుకు చేర్చండి సార్, ఆకలేస్తోంది!" వెనక నుంచి ఎవరో అరిచారు. హాలంతా గొల్లుమంది.

మసీనా మళ్ళీ ఫోన్ చేసింది. ఎత్తలేదు. కిటికీల్లో వెలుగు ఎర్రబడింది. సూర్యుడు పగడపు దిబ్బల మీది నురగను తాకాడు, సగమయ్యాడు, గోరంతయ్యాడు. మునిగిపోయాడు.

"డాక్టర్ మసీనా!" ప్రొఫెసర్ గొంతు చించుకుని పిలిచాడు.

శంఖం మోగింది. జనం లేచి కేకలు పెట్టారు. మసీనా మెట్లెక్కింది కానీ చూపు గుమ్మం మీదే ఉంది. పురస్కారం చేతికిస్తే ఎడంచేత్తో అందుకుంది, అది కూడా గమనించుకోలేదు.

అప్పుడొచ్చింది ఎసెటా. సముద్రపు గాలికి జుట్టంతా రేగిపోయింది. దండ ఎత్తి పట్టుకుని పరుగులాంటి నడకతో వస్తోంది.

"వచ్చానే మసీనా! పొద్దు మునగాలని బయట గోడ దగ్గరే ఆగాను!"

"అమ్మా!" మసీనా వేదిక మీద నుంచే గంతేసింది.

అదే క్షణాన ముందు వరుసలో రూటా లేచింది. సంచీ భుజాన వేసుకుని గబగబా గుమ్మం వైపు నడిచింది. కుర్చీల మధ్య దారిలో అక్కాచెల్లెళ్ళు ఎదురెదురుగా ఆగిపోయారు.

"ఎక్కడికక్కా? నీ సబ్బాతు ఇప్పుడేగా అయిపోయింది!" అంది ఎసెటా రొప్పుతూ.

రూటా చెల్లెలి చేయి గట్టిగా పట్టుకుంది. "నాది ఇప్పుడే మొదలైందే పిచ్చిదానా! నీ పక్కన కూర్చోవచ్చని ఈ వారానికి నీ ఆదివారమే పాటిస్తున్నాను. పద, ఇద్దరం కలిసే ఇంటికి పోదాం."

ఎసెటా కాళ్ళ దగ్గర పూలదండ జారి పడింది.

"అయ్యో అక్కా! నీ పక్కన కూర్చోవచ్చని నేను నీ శనివారం పాటించి వచ్చానే!"