బిస్కెట్‌కి బీమా

"కుక్కకి ఇన్సూరెన్సేమిటి సంయుక్తా? వినేవాళ్లు నవ్విపోతారు" అన్నాడు ఉదయ్ భాస్కర్, లాప్‌టాప్ మీంచి తలెత్తకుండానే.

"నవ్వితే నవ్వనీండి. వీధికుక్కలు మీదపడి దాని చెవి చీల్చేసినప్పుడు, ఆ నవ్వేవాళ్లెవరైనా వచ్చి చూశారా?"

ఎదురు కుర్చీలోని ఇన్సూరెన్స్ ఏజెంటు రామబ్రహ్మం మొగుడూ పెళ్లాలిద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఆయన్ని పిలిపించింది సంయుక్తే. పోయిన నెల గేటు తీసి ఉండడం చూసి బయటికి ఉరికిన బిస్కెట్, రక్తం కారే చెవితో తిరిగొచ్చింది. బంద్ రోజైనా ఉదయ్ దాన్ని కార్లో వేసుకుని మాదాపూర్‌లో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి, మందు రాయించి, ఇంజెక్షన్ వేయించి తెచ్చానన్నాడు. చెవి మానింది గానీ ఆమెకి భయం మానలేదు. ఆ ఇంట్లో పిలిస్తే పరుగెత్తుకొచ్చే ప్రాణం అదొక్కటే.

"ఖర్చు మరీ ఎక్కువేం కాదండి" అన్నాడు రామబ్రహ్మం. "జబ్బు చేసినా, దెబ్బ తగిలినా కంపెనీయే చూసుకుంటుందండి. అది ఎవర్నైనా కరిస్తే వాళ్ల వైద్యం కూడానండి. మొన్న చెవికి మందేసిన డాక్టరుగారితో మావాళ్లు ఒక్క మాట మాట్లాడితే చాలు, పాలసీ వచ్చేస్తుంది."

డాక్టరు మాట వినగానే ఉదయ్ లాప్‌టాప్ మూసేశాడు. "అక్కర్లేదు. దానికేమీ కాకపోతే కట్టిందంతా దండగే కదా. మీరింక బయల్దేరండి."

సంయుక్తకి తల కొట్టేసినట్టయింది. మనిషిని ఇంటికి పిలిచి ఇలాగా పంపడం? క్షమించమని చెప్పడానికి ఆయన వెంట గేటు దాకా నడిచింది.

మదీనాగూడ దగ్గర హైవే మీద పొద్దుటి నుంచీ రాస్తారోకో నడుస్తోంది. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలయ్యాక అది రోజూ ఉండేదే. కానీ ఇప్పుడు అరుపులు దగ్గరికొచ్చేశాయి. టియర్ గ్యాస్ పేలిన చప్పుడు విని, రామబ్రహ్మం స్కూటర్ స్టార్ట్ చేసి సందులోకి మళ్లిపోయాడు. ఆయన అటు వెళ్లాడో లేదో, ఒక యువకుడు పరుగెత్తుకుంటూ వచ్చి గేటు పట్టుకున్నాడు.

"అక్కా, పోలీసోళ్లు ఎంటబడ్డరు. జర లోపటికి రానియ్యి."

సంయుక్త తటపటాయించింది. యాస వింటే ఆంధ్రావాళ్లమని తెలిసిపోతుందని ఈమధ్య పాలవాడితో కూడా ముక్తసరిగా మాట్లాడుతోంది. అతని కళ్లు చూస్తే నిప్పుల్లా ఉన్నాయి, ధారగా నీళ్లు. గేటు తీసింది.

అతను లోపల అడుగు పెట్టగానే, మొరగనైనా మొరగకుండా బిస్కెట్ దూకి పిక్క పట్టుకుంది. ఇదివరకు ఎవర్నీ కరిచిన కుక్క కాదు. ఉదయ్ పరిగెత్తుకొచ్చి రెండు చేతులతో దాని దవడలు విడదీసి, లోపలికి ఈడ్చుకెళ్లి గదిలో పెట్టి గడియ వేశాడు.

సంయుక్త అతన్ని కుళాయి కింద కూర్చోబెట్టి సబ్బుతో కాలు కడిగింది. పళ్లు లోతుగానే దిగాయి.

"దవాఖానకు పోవాల్నా అక్కా? ఆడ పోలీసోళ్లు కూసున్నరట. దెబ్బలతోటి వచ్చినోళ్లను వచ్చినట్టే పట్టుకపోతున్నరు."

"భయపడకు తమ్ముడూ. దానికి పోయిన నెలే ఇంజెక్షన్ వేయించాం. మా ఆయనే స్వయంగా తీసుకెళ్లారు. కదండీ?"

ఉదయ్ సింకు దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు. కడిగిందే కడుగుతున్నాడు. "ఆఁ... వేయించాం. ఏం కాదు" అన్నాడు.

"అయితే ఇగ ఫికర్ లేదు తియ్" అని అతను నవ్వాడు. సంయుక్త ఇచ్చిన టీ తాగాడు. బాలానగర్‌లో లేత్ మెషిన్ మీద పనిచేస్తానని, సమ్మె అయ్యాక ఓనరు మళ్లీ రానిస్తాడో లేదోనని చెప్పాడు. రోడ్డు సద్దుమణిగాక కుంటుకుంటూ వెళ్లిపోయాడు.

"చూశారా? పాలసీ ఉంటే ఈపాటికి ఆ అబ్బాయిని మంచి ఆసుపత్రిలో చూపించేవాళ్లం" అంది సంయుక్త.

ఉదయ్ పనుందంటూ కారు తాళాలు తీసుకుని బయటికి వెళ్లాడు. ఖర్చు మాట ఎత్తితే చాలు తప్పించుకుంటాడు, అనుకుందామె.

ఆ వారం తిరక్కుండానే బిస్కెట్ మంచం కింద చేరింది. అన్నం ముట్టలేదు. గిన్నెలో నీళ్లు చూపిస్తే వెనక్కి వెనక్కి పోయింది. సంయుక్త దాని తల ఒళ్లో పెట్టుకుని, కారుతున్న చొంగ చున్నీతో తుడుస్తూ కూర్చుంది. మాదాపూర్ దారి మూసేశారని పక్క వీధిలో ఉండే పశువైద్యురాలు కనకలక్ష్మిని ఆమే పిలుచుకొచ్చి, మళ్లీ దాని పక్కన కూర్చుంది.

ఆవిడ ఉదయ్ నిలబడ్డ గుమ్మం దగ్గరే ఆగిపోయింది. "ముందు మీరు దాన్ని వదిలి ఇవతలికి రండమ్మా. ఇది రేబీస్."

"ఇంజెక్షన్ వేయించామండీ!"

"సరిగ్గా వేయించిన కుక్కకి రావడం చాలా అరుదు. ఎవర్నైనా కరిచిందా?"

సంయుక్తకి ఆ కుర్రాడు గుర్తొచ్చాడు. బాలానగర్ నిండా లేత్ మెషిన్లే. పేరైనా అడగలేదు. భయపడకు తమ్ముడూ అని తన నోటితోనే చెప్పి పంపింది.

"అతన్ని ఎలాగైనా వెతికించండి" అంది కనకలక్ష్మి. "మీరిద్దరూ మాత్రం ఇప్పుడే ఆసుపత్రికెళ్లి ఇంజెక్షన్లు మొదలుపెట్టించుకోండి. దీని చొంగ తగిలినవాళ్లు ఒక్క గంట కూడా ఆగకూడదు."

"పదండి... పదండి" అంటూ సంయుక్త మొగుడి చెయ్యి పట్టుకుని లాగింది.

ఉదయ్ కదల్లేదు.

"నువ్వెళ్లు సంయుక్తా" అన్నాడు, ఆమె మొహంలోకి చూడకుండా. "నాకు ఆ కుర్రాడు వెళ్లిన సాయంత్రమే ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. ఇప్పటికి రెండు అయ్యాయి."