అర్ధణా కవరు

“ఒక్కసారి దాన్ని తిప్పి చూపించండి,” అందామె, నాలుగోసారి.

అచ్యుతరామారావు విసుగు పైకి కనపడనివ్వలేదు. “మూసేదాకా ఫ్రేములు విప్పకూడదమ్మా. ఇక్కడి రూలు.”

“ఎన్నింటికి మూస్తారు?”

“అయిదింటికి.”

“ఉంటాను.”

అని, ఓ ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. ముప్పై దాటిన మనిషి. కంకిపాడు నుంచి పొద్దున్నే మొదటి బస్సుకి వచ్చిందట. స్టాంపుల ప్రదర్శన పెట్టిన ఆ కల్యాణమండపంలో జనం ఒక్కో ఫ్రేము ముందూ అరనిమిషం ఆగి సాగిపోతున్నారు. ఆమె మాత్రం పదింటి నుంచీ ఆ ఒక్క కవరు దగ్గరే ఉంది. మధ్యాహ్నం అక్కడే బాక్సు విప్పి, ఆయనకేసి వీపు తిప్పి నాలుగు ముద్దలు తిని, మళ్లీ ఇటు తిరిగింది.

ఆ కవరంటే అచ్యుతరామారావుకి ప్రాణం. 1855లో మద్రాసు నుంచి బందరులో ఒక బట్టల వర్తకుడికి వచ్చింది. మీద రాణి తలతో నీలం రంగు అర్ధణా స్టాంపు. స్టాంపుల అంచులకి ఇంకా పళ్లు రాని కాలం, కత్తెరతో కత్తిరించి అంటించారు. విడిగా ఊడదీసిన స్టాంపయితే ఎవరో ఒకరి దగ్గర దొరుకుతుంది. చిరునామాతో, తపాలా ముద్రలతో, కవరు కవరుగా మిగలడమే అరుదు. లెక్చరర్‌గా ఉన్నప్పుడు కొన్నాడు, ఇన్నేళ్లూ బీరువాలోనే దాచాడు. జనంలో పెట్టడం ఇదే మొదటిసారి. నిన్న పేపర్లో ఫొటో కూడా పడింది.

మూడు దాటాక ఆయనే ఉండబట్టలేకపోయాడు. “అసలు వెనక ఏం చూద్దామనమ్మా?”

“బందరు అని రాసిన చోట, అక్షరాల కింద చిల్లుంటుందండీ. ఇనప తీగ గుచ్చిన చిల్లు. చుట్టూ తుప్పు మరక.”

ఆయన చప్పున ఫ్రేము కేసి తిరిగాడు. కవరు కొన్న నెలలోనే మద్రాసు తీసుకెళ్లి ఆ చిల్లుని కాగితపు గుజ్జుతో పూడ్పించాడు. ముందు నుంచి ఎంత చూసినా కనపడదు. భార్య త్రిపురసుందరికి తప్ప ఆ సంగతి ఎవరికీ తెలీదు.

“నీకెలా తెలుసు?”

“పెడనలో భావనారాయణ గారింట్లో ఉత్తరాలన్నీ తీగకి గుచ్చేవాళ్లు. తాతల నాటివి కూడా. దసరాకి ఆ తీగ దింపి దుమ్ము దులిపేది నేనే. ఏది ఎక్కడుండేదో నాకు కంఠతా. పేపర్లో చూడగానే పోల్చుకున్నాను.”

మనవరాలన్నమాట, అనుకున్నాడాయన. ఇక ఈ కవరు నాకు దక్కదు.

“పెద్దాయన పోయారని విన్నాను,” అన్నాడు మెల్లగా.

“మూడేళ్లయిందండీ.” ఆమె కుర్చీ ముందుకి జరుపుకుంది. “పందొమ్మిదేళ్ల కిందట ఇది ఆ ఇంట్లో కనపడకుండా పోయింది. పనిమనిషి తీసిందన్నారు. స్టేషన్లో రెండ్రోజులు కూర్చోబెట్టారు. ఊళ్లో ఇంకెవరూ పనిలో పెట్టుకోలేదు. నేను తియ్యలేదు మొర్రో అని ఆవిడ ఇప్పటికీ అంటూనే ఉంది. మీకెవరు అమ్మారో నాకు తెలియాలి. ఆవిడే అయితే ఆవిడేనని చెప్పండి.”

అచ్యుతరామారావు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. పనిమనిషి, స్టేషను. ఈ మాటలు ఆయన ఇన్నేళ్లలో ఎప్పుడూ వినలేదు.

“కవరు నువ్వు పట్టుకెళ్లమ్మా. నాకు పైసా ఇవ్వక్కర్లేదు. ఇంతటితో వదిలేద్దాం.”

“కవరు నేనేం చేసుకుంటానండీ? పేరు చెప్పండి.”

“చెప్పనని మాటిచ్చాను.”

“మాట తీసుకున్న మనిషి బతికున్నారా?”

ఆయన గోడ గడియారం కేసి చూశాడు. “అయిదు కానివ్వమ్మా.”

అయిదింటికి హాలు ఖాళీ అయింది. ఫ్రేము విప్పి కవరు తిప్పి చూపించాడు. అతుకు, దాని చుట్టూ లేత గోధుమ రంగు మరక. ఆమె అటు సరిగా చూడను కూడా లేదు.

“పేరండీ.”

కవరు ఎవరి చేతిలోంచి ఎవరి చేతికొచ్చిందో కాగితం దాచుకోవడం ఈ పిచ్చి ఉన్నవాళ్లందరికీ అలవాటే. ఆయన ఫైలు అడుగు నుంచి ఒక మడత కాగితం తీశాడు. ఇవ్వబోయి ఆగాడు.

“చదివాక నన్ను తిట్టుకోకు.”

‘మా ఇంటి అర్ధణా కవరును నా ఇష్టపూర్తిగా అచ్యుతరామారావు గారికి అమ్మినాను. భావనారాయణ.’ కింద తేదీ.

“క్లబ్బులో పేకాట ఉండేదమ్మా ఆయనకి. కొడుకులకి తెలిస్తే తలెత్తుకోలేనని నా చెయ్యి పట్టుకున్నారు. నేను పోయేదాకా బయట పెట్టకన్నారు. ఇంకో మనిషి మీద పడిందని నాకు తెలీదు. ఒట్టు.”

ఆమె రెండుసార్లు చదివింది.

“పక్క సందులో జిరాక్స్ షాపు చూశాను. రండి. కాపీ మీద మీరు సంతకం పెట్టాలి.”

ఆయన ఆ కాగితం పట్టుకుని వెంట నడిచాడు. ‘ఇది అసలుకు సరైన నకలు’ అని రాసి సంతకం పెట్టి, ఫోన్ నంబరు కూడా వేశాడు. కాపీ ఆమె చేతికిస్తుంటే జాలేసింది. పాపం, పెంచిన చేతుల గురించి ఇలాంటిది తెలుసుకోడానికా పొద్దుటి నుంచీ కాపలా కాసింది!

“ఎవరికి చూపిస్తావు తల్లీ?”

“ముందు మా అమ్మకి. తర్వాత పెడనలో ఆ వీధి వీధంతా.”

“వీధి సంగతి నీ ఇష్టం. మీ అమ్మగారికి మాత్రం వద్దమ్మా. ఈ వయసులో సొంత మామగారి గురించి ఈ మాట వినాలా ఆవిడ?”

ఆమె కాపీని జాగ్రత్తగా నాలుగు మడతలు పెట్టింది.

“ఆ పనిమనిషే మా అమ్మండీ.”