గోరింక మోసిన కబురు

వాగు ఒడ్డున మద్దిచెట్టు మీద ఒక గోరింక ఉండేది. ఎవరు ఏ కబురు చెప్పి వెళ్ళినా అడవంతటికీ వినిపించడమే దాని పని. మొదట్లో అది ఎవరి మాటో చెప్పి మరీ వినిపించేది. రోజంతా అరిచి అరిచి ప్రాణం విసిగి, ఆ పేర్లు చెప్పడం మానేసింది.

ఒకనాడు నక్క వచ్చి, "దారిలో భయమేం లేదు, నీళ్ళకు రండి" అని కబురు చెప్పి పోయింది. గోరింక ఓపిక లేక, ఉన్నదున్నట్టు అరిచేసింది.

సాయంత్రం, రెండు పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్ళిన కుందేలు ఒంటరిగా తిరిగొచ్చి చెట్టు కింద కూలబడింది.

"నేనేం చేశానమ్మా? అది నక్క చెప్పిన మాట," అంది గోరింక నీరసంగా.

"నక్క పిలిస్తే మేం బొరియ దాటేవాళ్ళమా తల్లీ? నీ గొంతు విని వచ్చాం," అంది కుందేలు.